పాత మేనర్ హౌస్ కొని హోటల్ చేయాలంటే: ముందు మురుగు, మెట్లు, మీటరు చూడండి

చదివేవాళ్ల వీలు కోసం ప్రశ్నని క్లుప్తంగా మళ్లీ చెప్తాను. ఇంగ్లండ్‌లో గ్లోస్టర్‌షైర్ పల్లెల్లో 18వ శతాబ్దపు మేనర్ హౌస్ (జమీందారీ బంగళా) ఒకటి అమ్మకానికి వచ్చింది. గ్రేడ్ టూ స్టార్ లిస్టెడ్ భవనం, అంటే చట్టం రక్షణలో ఉన్న చారిత్రక కట్టడం. 14 పడకగదులు, వెనక గుర్రపుశాల, తొమ్మిదెకరాల తోట. ఇప్పటిదాకా ఇల్లుగానే వాడుతున్నారు. నలుగురు స్నేహితులు కలిసి కొని 20 గదుల హోటల్ చేయాలని, మన తెలుగువాళ్ల పెళ్లిళ్లకి ఇవ్వాలని ఆలోచన. 20 గదులు వస్తాయా, ముందు ఏం చూడాలి అని అడిగారు. ఏజెంటు ఆరు వారాల్లో తేల్చమంటున్నాడు. "రిలయన్స్ వాళ్లు స్టోక్ పార్క్ కొన్నారు కదా, లాభం లేనిదే కొంటారా" అని కూడా రాశారు.

సూటిగా జవాబు: అసలు ఇంట్లో 20 గదులు రావు. బాత్రూములకి చోటు తీసేస్తే 9, మహా అయితే 10 వస్తాయి. మిగతావి గుర్రపుశాలలోంచి రావాలి. అంటే మీ లెక్క మొత్తం గుర్రపుశాల అనుమతి మీద ఆధారపడి ఉంది, ఇంటి మీద కాదు. ఆఫర్ పెట్టేముందు నాలుగు సంగతులు తేల్చుకోండి: మురుగు ఎక్కడికి పోతోంది, రెండో మెట్లదారి ఉందా, కరెంటు ఎంత వస్తోంది, ఇదివరకటి యజమానులు అనుమతి లేకుండా ఏమైనా మార్చారా. వీటిలో ఏ రెండు అడ్డం తిరిగినా ఆ ధరకి కొనకండి.

స్టోక్ పార్క్‌తో పోల్చుకోకండి. రిలయన్స్ 2021లో 5.7 కోట్ల పౌండ్లకి కొన్న ఆ ఎస్టేటులో 49 గదులు, 27 రంధ్రాల గోల్ఫ్ మైదానం, 13 టెన్నిస్ కోర్టులు ఉండేవి. పైగా అది 1908లోనే కంట్రీ క్లబ్ అయింది. వందేళ్లకి పైగా జనం వచ్చిపోయే చోటుగా నడిచిన భవనం వేరు, నిన్నటిదాకా ఒక కుటుంబం ఉన్న ఇల్లు వేరు.

అసలు చిక్కు అక్కడే ఉంది. మేనర్ హౌస్‌ని కట్టింది ఒక్క కుటుంబం కోసం, ఆ కుటుంబానికి సేవ చేసే పాతిక ముప్ఫైమంది పనివాళ్ల కోసం. మన జమీందార్ల దివాణాల్లాగే. వేడినీళ్లు కూజాల్లో పైకి వచ్చేవి, మలమూత్రాలు కుండల్లో కిందికి పోయేవి, ప్రతి గదిలో మంట ఎవరో ఒకరు వేసేవారు. హోటల్ దీనికి సరిగ్గా తిరగేసిన వ్యవహారం. ఇరవై కుటుంబాలు, చేతిలో కొద్దిమంది పనివాళ్లు, అందరూ ఉదయం ఏడున్నరకే స్నానం చేయాలి. ఈ ఇళ్లలో ఏది చెడినా వేరు తవ్వుకుంటూ పోతే ఇక్కడికే వస్తుంది.

బాత్రూములు

కొత్తవాళ్లు గది అందం చూసి, కిటికీ పక్కన టబ్ గీసేస్తారు. నీళ్లు పోయే దారి చూడరు. టాయిలెట్ గొట్టం వ్యాసం 110 మిల్లీమీటర్లు. అది 40కి 1 చొప్పున వాలుగా పోవాలి. అంటే మూడు మీటర్ల దూరానికి 75 మిల్లీమీటర్లు దిగుతుంది. రెండూ కలిపితే 185. ఆ కాలపు నేల దూలాల లోతు చాలా ఇళ్లలో 175 నుంచి 225 దాకా ఉంటుంది. కాబట్టి మురుగుని కిందికి దించే నిలువు గొట్టానికి మూడు మీటర్లు దాటి టాయిలెట్ పెడితే, కింది గది సీలింగ్‌లోంచి గొట్టం బయటికి కనిపిస్తుంది. ఆ సీలింగ్ మీద రెండొందల యాభై ఏళ్ల నాటి పూలతల గచ్చుపని ఉంటే అక్కడితో కథ సరి.

పైగా గొట్టం దూలాలకి సమాంతరంగానే పోవాలి, అడ్డంగా కాదు. దూలానికి రంధ్రం వేస్తే దాని వ్యాసం దూలం లోతులో నాలుగో వంతు దాటకూడదు. 200 మిల్లీమీటర్ల దూలానికి 50 మిల్లీమీటర్ల రంధ్రం మాత్రమే. 110 గొట్టం దూర్చే ప్రసక్తే లేదు. ఎక్కడైనా ప్లంబరు "కొంచెం చెక్కేస్తే సరిపోతుంది" అన్నాడంటే అతన్ని ఆ రోజుకే పంపించేయండి.

సరైన పద్ధతి ఏమిటంటే, ఇంటి ప్లాన్ మీద ముందు నిలువు గొట్టాలు ఎక్కడున్నాయో, ఎక్కడ కొత్తవి దించవచ్చో గుర్తు పెట్టుకోవాలి. సాధారణంగా ఇంటి ఉత్తరం వైపు, పనివాళ్ల మెట్ల పక్కన వీలవుతుంది. పెద్ద పడకగదుల పక్కన బట్టలు మార్చుకునే చిన్న గదులుంటాయి. అవి బాత్రూములకి దేవుడిచ్చిన చోట్లు. అలాంటిది లేని గదిలో అయితే సీలింగ్‌ని, దాని అంచు నగిషీ అయిన కార్నిస్‌ని తాకకుండా, రెండు మీటర్ల చిల్లర ఎత్తులో విడిగా నిలబడే పెట్టెలాంటి బాత్రూము కట్టాలి. రేపు విప్పేస్తే గది ఎప్పటిలా ఉండాలి. స్థానిక కౌన్సిలులో పాత భవనాల సంరక్షణ చూసే కన్జర్వేషన్ ఆఫీసర్లు దీనికి ఒప్పుకుంటారు. గదిని గోడతో రెండుగా కోస్తామంటే మాత్రం ఒప్పుకోరు, ఎందుకంటే గది కొలతలూ చరిత్రలో భాగమే.

మలాన్ని నలగ్గొట్టి సన్నటి గొట్టంలో పంపే పంపులు అమ్ముతారు. అతిథి గదుల్లో పెట్టకండి. తడి టిష్యూ ఒక్కటి పడితే మొరాయిస్తాయి. అర్ధరాత్రి పక్క గదివాళ్లని లేపేస్తాయి.

పోత ఇనుప టబ్ ఖాళీగానే 120 నుంచి 150 కిలోలు. నీళ్లు ఒక 170 లీటర్లు, మనిషి 80 కిలోలు. దాదాపు 400 కిలోల బరువు నాలుగు కాళ్ల మీద నిలుస్తుంది. స్ట్రక్చరల్ ఇంజనీరు ఆ చోట నేల పలకలు ఎత్తి, దూలం చివర గోడలో దూరిన చోట కుళ్లిందేమో చూశాకే టబ్. దూలాలు కుళ్లడం ఎప్పుడూ ఆ చివరనే మొదలవుతుంది, పైనుంచి చూస్తే తెలియదు.

ఆవిరి బయటికి పంపడానికి ఇంటి ముఖభాగపు గోడకి కన్నం పెట్టనివ్వరు. వాడకంలో లేని పొగగొట్టంలోంచి డక్ట్ వేసుకోవచ్చు. దానికి ఇన్సులేషన్ లేకపోతే చలికాలంలో ఆవిరి నీరై వెనక్కి కారి, కింద పొయ్యి గూట్లో మచ్చలు పడతాయి.

వేడినీళ్లు

లెక్క చూడండి. 20 గదుల్లో 18 నిండాయనుకోండి, 36 మంది. అందులో 28 మంది ఉదయం రెండు గంటల్లో షవర్ చేస్తారనుకోండి. నిమిషానికి 10 లీటర్లు, 8 నిమిషాలు, మనిషికి 80 లీటర్లు. మొత్తం 2,240 లీటర్లు, 40 డిగ్రీల దగ్గర. చల్లనీళ్లు 10 డిగ్రీలు, నిల్వ నీళ్లు 60 డిగ్రీలు అయితే ఇందులో 60 శాతం వేడినీళ్లు కావాలి, అంటే సుమారు 1,350 లీటర్లు. వాటిని కాచడానికి దాదాపు 78 యూనిట్ల శక్తి. ఇంట్లో ఇప్పుడున్న సిలిండర్ 300 లీటర్లది అయి ఉంటుంది. "వేడినీళ్లు రాలేదు" అన్న రివ్యూలు పుట్టేది ఈ తేడాలోనే.

నిల్వ 60 డిగ్రీలకి తగ్గకూడదు, కుళాయి దగ్గర 50కి తగ్గకూడదు, చల్లనీళ్లు 20 దాటకూడదు. లేకపోతే ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే లీజియొనెల్లా బ్యాక్టీరియా పెరుగుతుంది. పాత ఇళ్లలో ఎవరూ వాడని గొట్టాలు, ఎటూ పోకుండా ఆగిపోయిన ముక్కలు చాలా ఉంటాయి. వాటిని కోసి తీసేయాలి, మూత బిగిస్తే చాలదు. జనవరిలో ఖాళీగా ఉన్న గదుల్లో కుళాయిలు, షవర్లు వారానికోసారి తిప్పి నీళ్లు వదలాలి, పుస్తకంలో రాయాలి. తనిఖీకి వచ్చినవాళ్లు ముందు ఆ పుస్తకమే అడుగుతారు.

నీళ్లు బోరుబావివి అయితే రోజుకు 20 ఘనపు మీటర్లు దాటి తోడటానికి లైసెన్సు కావాలి. హోటల్‌కి వాడే ప్రైవేటు నీళ్లని కౌన్సిలు పరీక్ష చేస్తుంది, ఖర్చు మీదే.

మురుగు

పల్లెల్లో చాలా మేనర్లకి మెయిన్ డ్రెయిన్ ఉండదు. తోటలో ఎక్కడో ఇటుకల సెప్టిక్ ట్యాంకు ఉంటుంది, దాన్నుంచి గొట్టం వాగులోకి. 2020 జనవరి 1 తర్వాత ఇంగ్లండ్‌లో సెప్టిక్ ట్యాంకు నీళ్లు నేరుగా వాగులో కలపకూడదు. శుద్ధి చేసే ప్లాంటు పెట్టాలి. శుద్ధి చేసిన నీళ్లయినా రోజుకు 5 ఘనపు మీటర్లు దాటి వాగులోకి, 2 దాటి భూమిలోకి వదలాలంటే పర్యావరణ పర్మిట్ తప్పదు. అతిథికి రోజుకు 250 లీటర్లు వేసుకుంటే 36 మందికే 9 ఘనపు మీటర్లు అవుతోంది. పెళ్లి రోజు సంగతి చెప్పక్కర్లేదు.

ఒక్క సంగతి మరిచిపోతారు. ఇలాంటి ప్లాంటులో బ్యాక్టీరియా బతకాలంటే రోజూ ఇంచుమించు ఒకే మోతాదులో మురుగు రావాలి. వారమంతా ఎనిమిది మంది, శనివారం మూడొందల మంది అయితే ప్లాంటు దెబ్బతింటుంది, సోమవారానికి తోటంతా వాసన. మధ్యలో ఒక పెద్ద తొట్టి పెట్టి, పెళ్లి మురుగుని రెండు మూడు రోజుల్లో కొంచెం కొంచెంగా వదలాలి. వంటింటి గొట్టానికి గ్రీజు ట్రాప్ (జిడ్డుని ఆపే తొట్టి) తప్పనిసరి. బూరెలు, బజ్జీలు, బిర్యానీ వండే చోట ఇంగ్లీషు వంటకి వేసే కొలత చాలదు, సరఫరాదారుకి ఆ మాట ముందే చెప్పండి.

కరెంటు

ఇంటి మీటరు దగ్గర 100 యాంపియర్ల సింగిల్ ఫేజ్ ఉందనుకోండి, అది 23 కిలోవాట్లు. హోటల్ వంటిల్లు ఒక్కటే దాన్ని మింగేస్తుంది. మూడు ఫేజులు కావాలంటే ఆ ప్రాంతపు నెట్‌వర్క్ కంపెనీకి అర్జీ పెట్టాలి. దగ్గర్లో సామర్థ్యం లేకపోతే కొత్త ట్రాన్స్‌ఫార్మరు, పక్కవాళ్ల పొలంలోంచి లైను, దానికి వాళ్ల ఒప్పందం. నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది దాటుతుంది. ఇల్లు కొనకముందే కొటేషన్ అడగవచ్చు, అడగండి.

నిప్పు

హోటల్ అయిన క్షణం నుంచి 2005 నాటి ఫైర్ సేఫ్టీ ఆర్డర్ మీకు వర్తిస్తుంది. ఇంటివాళ్లకి ఇల్లు తెలుసు, చీకట్లోనూ నడుస్తారు. అతిథికి తెలియదు, బహుశా తాగి కూడా ఉంటాడు.

హాలు మధ్యలో కనిపించే ఆ గొప్ప మెట్లదారి, ఫొటోలన్నిటిలో ఉండేది, అగ్గి పుడితే పెద్ద పొగగొట్టం అవుతుంది. కింద హాల్లో మొదలైన పొగ నిమిషాల్లో పై గదుల తలుపుల దగ్గర ఉంటుంది. అందుకే వెనకాల ఇరుకుగా ఉండే పనివాళ్ల మెట్లు ఆ ఇంటి మొత్తంలో విలువైన భాగం. రెండో తప్పించుకునే దారి అదే. దాన్ని లిఫ్టు కోసమో, దుప్పట్ల గదికో బలిచ్చి, తర్వాత పై అంతస్తు వాడలేమని తెలుసుకున్న ప్లాన్లు చాలా ఉంటాయి. ఇంగ్లండ్ మార్గదర్శకం ప్రకారం పడకగదుల నడవాలో ఒకే దిక్కుకి పోగల దూరం 9 మీటర్లు మించకూడదు, రెండు దిక్కులా దారి ఉంటే 35 మీటర్లు. టేపు తీసుకెళ్లి కొలవండి. పాత భవనాల్లో కొంత సడలింపు దొరుకుతుంది కానీ దానికి ఫైర్ ఇంజనీరు లెక్కలు, బదులుగా నీటి తుంపర వ్యవస్థ లాంటివి చూపించాలి.

తలుపుల సంగతి. పాత తలుపు చట్రం 40 మిల్లీమీటర్లకి పైనే మందం ఉంటుంది, మధ్య పలకలు మాత్రం 8 నుంచి 12. మెత్తటి కలప నిప్పులో అరగంటకి సుమారు 20 మిల్లీమీటర్లు బొగ్గవుతుంది. అంటే పలక పావుగంటలో పోతుంది, మనకి కావలసింది అరగంట. తలుపు పారేయనివ్వరు, పారేయకూడదు కూడా. పలకల మీద వేడికి ఉబ్బే కాగితం అంటించి పైన రంగు వేయడం, అంచుల్లో గాడి తీసి ఉబ్బే పట్టీ, పొగ ఆపే బ్రష్ పెట్టడం, తనంతట తాను మూసుకునే పరికరం బిగించడం, ఇదీ దారి. అతిథి గదులకి అలారం మోగినప్పుడే పనిచేసే రకం క్లోజర్ పెట్టండి. మామూలువి పెడితే ముసలివాళ్లు తలుపు తీయలేరు, ఎవరో ఒకరు కుర్చీ అడ్డం పెడతారు, అంత ఖర్చూ వృథా. అలారం గదిలో తలగడ దగ్గర 75 డెసిబెల్స్ వినపడాలి. సీలింగ్‌లు తొలవకుండా వైర్‌లెస్ డిటెక్టర్లు వాడవచ్చు.

కనపడని ఖాళీలు ఇంకా ప్రమాదం. గోడ చెక్కల వెనక, పాత వంటల లిఫ్టులో, గంట తీగలు పోయిన కన్నాల్లో నిప్పు ఎవరికీ తెలియకుండా పాకుతుంది. సర్రేలోని క్లాండన్ పార్క్ అనే పాత భవంతి 2015 ఏప్రిల్ 29న కాలిపోయింది. నేలమాళిగలో కరెంటు పంపిణీ బోర్డులో మొదలైన మంట ఖాళీల గుండా పైకప్పు దాకా పోయింది. ఒక్క గది మాత్రమే దాదాపు చెక్కుచెదరకుండా మిగిలింది. అందుకే ప్రతి అంతస్తులో గొట్టాలు, తీగలు దాటే చోటల్లా మినరల్ ఊల్‌తో, ఉబ్బే మాస్టిక్‌తో మూయించాలి. డబ్బాలోంచి చిమ్మే మామూలు ఫోమ్ దీనికి పనికిరాదు. మూసిన ప్రతిదానికీ ఫొటో తీయించండి, పలకలు మూసేశాక చూడలేరు.

ఇక నిప్పుగూళ్లు. అతిథులు ఇలాంటి చోటికి వచ్చేదే వాటికోసం. స్కాట్లండ్‌లో లోచ్ లోమండ్ సరస్సు ఒడ్డున కామెరాన్ హౌస్ అనే పాత భవనపు హోటల్‌లో 2017 డిసెంబరు 18న అగ్నిప్రమాదంలో ఇద్దరు అతిథులు చనిపోయారు. నిప్పుగూటి బూడిదని ప్లాస్టిక్ సంచిలో వేసి, చితుకులు, పేపర్లు ఉన్న అల్మరాలో పెట్టారు. లోపల నిప్పు ఆరలేదు. తర్వాత జరిగిన విచారణ, పాత భవనాలని హోటళ్లుగా మార్చేటప్పుడు మంటలార్పే వ్యవస్థ తప్పనిసరి చేయడాన్ని పరిశీలించాలని స్కాట్లండ్ ప్రభుత్వానికి సిఫారసు చేసింది. మీ చోట నియమం ఇలా ఉండాలి: బూడిద మూత ఉన్న ఇనుప బకెట్‌లోనే, బకెట్ ఇంటికి దూరంగా రాళ్ల మీదే, రెండు మూడు రోజులు ఆగాకే పారబోయడం. ఎవరు తీశారో, ఏ వేళకి తీశారో రాయాలి. కట్టెల్లో తడి 20 శాతం లోపు ఉండాలి. తడికట్టె పొగగొట్టంలో తారు పేరుస్తుంది, ఆ తారుకి నిప్పంటుకుంటుంది. పొగగొట్టాలు ఏడాదికి రెండుసార్లు ఊడ్పించండి. కాకి జాతి పక్షులు వసంతంలో గొట్టంలో బుట్టెడు పుల్లలు పేరుస్తాయి, జల్లెడ మూత పెట్టించండి.

లిస్టింగ్ గురించి, కాస్త పొడిగానే

ఇంగ్లండ్‌లో లిస్టెడ్ భవనాల్లో గ్రేడ్ టూ స్టార్ ఆరు శాతం లోపే. లోపల, బయట, వెనక 1948 జులై 1 కంటే ముందు నుంచీ ఆవరణలో ఉన్న కట్టడాలు అన్నీ రక్షణలోకి వస్తాయి. లిస్టులో రాసిన వర్ణనలో లేదు కాబట్టి మార్చుకోవచ్చనుకోవడం పెద్ద తప్పు. అనుమతి లేకుండా మారిస్తే క్రిమినల్ నేరం, రెండేళ్ల దాకా జైలు, జరిమానాకి పరిమితి లేదు. పాత యజమాని చేసిన తప్పుకి మీకు శిక్ష పడదు గాని, దాన్ని సరిచేయమని నోటీసు మీకే వస్తుంది, ఎన్నేళ్లయినా రావచ్చు. సీలింగ్‌లో కొత్త డౌన్‌లైట్లు, ఒకటైపోయిన రెండు గదులు, ప్లాస్టిక్ కిటికీ కనపడితే అనుమతి పత్రం అడగండి. కౌన్సిలు వెబ్‌సైట్‌లో పాత అర్జీలు ఉంటాయి.

మీకు రెండు అనుమతులు కావాలి. ఇల్లు నుంచి హోటల్‌గా వాడకం మార్చడానికి ప్లానింగ్ అనుమతి ఒకటి, మార్పులకి లిస్టెడ్ బిల్డింగ్ సమ్మతి రెండోది. రెండోదానికి ఫీజు లేదు. గడువు 8 వారాలని రాసి ఉంటుంది, ఈ గ్రేడుకి చారిత్రక కట్టడాల మీద సలహా ఇచ్చే ప్రభుత్వ సంస్థ హిస్టారిక్ ఇంగ్లండ్‌ని కూడా సంప్రదిస్తారు కాబట్టి ఎక్కువే పడుతుంది. అర్జీ పెట్టకముందే కన్జర్వేషన్ ఆఫీసరుని ఇంటికి పిలిచి నడిపించండి. ఆయన ఎక్కడ ఆగి చూస్తాడో గమనిస్తే సగం జవాబు అక్కడే తెలుస్తుంది. ఈ పనిలో గుర్తింపు ఉన్న కన్జర్వేషన్ ఆర్కిటెక్టునే పెట్టుకోండి.

అనుమతి ఆగిపోయే కారణాల్లో ఇంటికి సంబంధం లేనిది ఒకటి తరచుగా వస్తుంది, అది రోడ్డు. సన్నటి పల్లె దారి, గేటు దగ్గర రెండు లిస్టెడ్ స్తంభాలు. ఫైరింజన్‌కి గేటు వెడల్పు 3.1 మీటర్లు, దారి 3.7 మీటర్లు కావాలి. స్తంభాలు జరపనివ్వరు. పెళ్లి బస్సు లోపలికి రాదు.

సున్నం, సీసం, చెమ్మ

గోడలు గానుగ సున్నపు రోజుల్లోవి. అవి తడిని పీల్చుకుని వదిలేస్తూ బతుకుతాయి. ఎవరైనా సిమెంటుతో సందులు పూసి ఉంటే తడి లోపలే ఉండిపోయి, రాయి పెచ్చులూడుతుంది. లోపల చెమ్మ కనపడగానే కెమికల్ ఇంజెక్షన్ అమ్మేవాళ్లు వస్తారు. ముందు బయటికెళ్లి గట్టరు, నేల మట్టం చూడండి. చాలాసార్లు కారణం పగిలిన నీటి గొట్టమో, గోడకి ఆనించి పోసిన మట్టో అయి ఉంటుంది. సిమెంటు తీసి సున్నం పెట్టాలి, పైన సున్నపు రంగే వేయాలి. ప్లాస్టిక్ పెయింట్ వద్దు.

పైకప్పులో అసలు శత్రువు పిట్టగోడ వెనక దాగి ఉన్న సీసపు గట్టరు. ఆకులు అడ్డుపడితే నీరు లోపలికి పొంగి, దూలం చివర్లకి చేరుతుంది. అక్కడ డ్రై రాట్ అనే బూజు పుడితే ఇటుక గోడ దాటి కూడా పాకుతుంది. ఏడాదికి కనీసం రెండుసార్లు, ఆకురాలే కాలం తర్వాత తప్పకుండా శుభ్రం చేయించాలి. బాత్రూములు ఎంత బాగున్నా ఈ పని మానేస్తే పదేళ్లలో డబ్బంతా పైకప్పే తినేస్తుంది.

కిటికీలకి డబుల్ గ్లేజింగ్ అడగకండి, లోపలి వైపు రెండో అద్దం పెట్టుకోండి. చప్పుడు ఆగాలంటే రెండు అద్దాల మధ్య కనీసం 100 మిల్లీమీటర్లు ఉండాలి.

మన పెళ్లిళ్లు

ఇక్కడ మీ ఆలోచనకి బలం ఉంది. చరిత్ర కూడా ఓ విధంగా మనవైపే ఉంది. కార్న్‌వాల్‌లో బొకోనాక్ ఎస్టేటుని ఇప్పుడు పెళ్లిళ్లకి ఇస్తున్నారు. దాన్ని మద్రాసు గవర్నరుగా చేసిన థామస్ పిట్, మన కృష్ణా తీరపు గనుల వజ్రాన్ని 1717లో ఫ్రాన్స్ రాజప్రతినిధికి అమ్మిన డబ్బుతో కొన్నాడు. కాబట్టి మొహమాటం అక్కర్లేదు. జాగ్రత్తలు మాత్రం చాలా కావాలి.

చట్టం: ఇంగ్లండ్‌లో హోటల్‌లో జరిగిన హిందూ వివాహం ఒక్కటే చట్టపరంగా చెల్లదు, సివిల్ రిజిస్ట్రేషన్ విడిగా ఉండాలి. దాన్ని మీ దగ్గరే చేయాలంటే కౌన్సిలు ఆమోదం తీసుకోవాలి. ఆ సివిల్ తంతులో మతపరమైన మాటలు ఉండకూడదు. కాబట్టి రెండూ వేరే వేళల్లో పెట్టుకోవాలి, ముహూర్తం చూసుకుని రిజిస్ట్రార్‌ని ముందే కుదుర్చుకోవాలి.

హోమం: అలంకరించిన సీలింగ్ కింద వద్దు. మసి గచ్చులోకి ఇంకితే కడగడం సాధ్యం కాదు. రాళ్లు పరిచిన వెనక వాకిట్లోనో, టెంటులోనో పెట్టండి, గుండం కింద ఇసుక పోసిన ఇనుప పళ్లెం ఉండాలి. లోపల చేయక తప్పకపోతే ఆ ఒక్క జోన్ డిటెక్టర్లనే ఆపి, మనిషిని కాపలా పెట్టి, అయ్యాక తిరిగి ఆన్ చేసి సంతకం చేయాలి. మొత్తం అలారం ఆపడం ఎప్పుడూ చేయకండి, పైన అతిథులు పడుకుని ఉంటారు.

పసుపు నీళ్లు సున్నపురాతి నేల మీద పడితే మరక పోదు. మంగళస్నానాలు గడ్డి మీద. కొబ్బరికాయ కొట్టడానికి ఒక రాయి విడిగా పెట్టండి, లేకపోతే ముందు మెట్ల అంచే దొరుకుతుంది. తలంబ్రాల బియ్యం పాత చెక్కనేల సందుల్లో చేరి ఎలుకల్ని పిలుస్తుంది, కింద గుడ్డ పరవండి.

నాట్యం, డీజే: ఇళ్ల నేలలు చదరపు మీటరుకి సుమారు 150 కిలోల లెక్కన ఉంటాయి. జనం ఎగిరే నేలకి 500 కావాలి. మొదటి అంతస్తు పెద్ద గదిలో సంగీత్ పెట్టకండి. గది తలుపు మీద ఎంతమంది పడతారో ఇంజనీరు చెప్పిన సంఖ్య రాసి పెట్టండి.

టెంటు: ఖాళీ నేలని ఏడాదికి 28 రోజులు అనుమతి లేకుండా వాడుకోవచ్చన్న నియమాన్ని నమ్మి చాలామంది బోర్లా పడతారు. భవనం ఆవరణకి అది వర్తించదు. టెంటుని మొదటి అర్జీలోనే కలపండి. రాత్రి 11 తర్వాత వేడి ఆహారం పెట్టాలన్నా లైసెన్సులో ఉండాలి. మన భోజనాలు ఎప్పుడు మొదలవుతాయో తెలుసు కాబట్టి చెప్తున్నాను.

డబ్బు

లిస్టెడ్ భవనాల మార్పులకి ఒకప్పుడు ఉన్న వ్యాట్ మినహాయింపు 2012 అక్టోబరులో పోయింది, ఇప్పుడు 20 శాతం. మామూలు భవనానికి ఊహించని ఖర్చుల కింద 10 శాతం ఉంచుతారు, ఇక్కడ 20 నుంచి 25 ఉంచండి. బీమా కొన్న ధరకి కాదు, తిరిగి అలాగే కట్టడానికయ్యే ఖర్చుకి చేయాలి, అది కొన్న ధరకంటే ఎక్కువ కావచ్చు. గదుల సంఖ్య విషయంలో పేరున్నవాళ్లూ గుర్రపుశాల మీదే ఆధారపడ్డారు. ఫ్రాన్స్ రాజు 18వ లూయీ ప్రవాసంలో ఉన్న హార్ట్‌వెల్ హౌస్ హోటల్‌లో కూడా కొన్ని గదులు పాత గుర్రపుశాలల్లోనే ఉన్నాయి.

ఆరు వారాల మాట

ఇంగ్లండ్‌లో ఇరుపక్షాలూ సంతకం చేసిన కాంట్రాక్టులు ఇచ్చిపుచ్చుకునే దాకా ఆఫర్ ఎవరినీ కట్టిపడేయదు, ఏజెంటు గడువుకి బెదరకండి. అనుమతి వస్తేనే కొంటామన్న షరతుతో కాంట్రాక్టు అడగవచ్చు. మొదటి వారంలో కరెంటు నెట్‌వర్క్ కంపెనీకి అర్జీ, మురుగు గొట్టాల్లో కెమెరా. రెండోవారంలో కన్జర్వేషన్ ఆర్కిటెక్టు, స్ట్రక్చరల్ ఇంజనీరు, ఫైర్ ఇంజనీరు ముగ్గురినీ ఒకే రోజు తీసుకెళ్లండి, విడివిడిగా పంపితే ఒకరి జవాబు ఇంకొకరికి అడ్డం పడుతుంది. ఒక సందర్శన మాత్రం గట్టిగా వాన పడే రోజున పెట్టుకోండి, గట్టర్లు ఎక్కడ పొంగుతాయో చూడటానికి.

ఆరు వారాల్లో కానిది ఒక్కటే, గబ్బిలాలు. గుర్రపుశాల అటకలో ఉంటాయని అనుమానం వస్తే సాయంత్రం వేళ అవి బయటికొచ్చేది లెక్కపెట్టే సర్వే మే నుంచి సెప్టెంబరు మధ్యే చేయాలి. అది లేకుండా గుర్రపుశాల అనుమతి కదలదు. మీరు అక్టోబరులో కొంటే వచ్చే మే దాకా ఆ పది గదులు కాగితం మీదే ఉంటాయి, వడ్డీ మాత్రం మొదటి నెల నుంచే నడుస్తుంది. బేరంలో ముందు ఈ మాటే ఎత్తండి.